సోమక్క మాట మార్చలేదు

2022 వానాకాలం నాటికి మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులోని నా డీటీపీ సెంటర్‌కు పని బాగా తగ్గిపోయింది. డీటీపీ అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చి అచ్చుకు సిద్ధం చేసే పని. పెళ్లికార్డులు, బడి ప్రశ్నపత్రాలు, అఫిడవిట్లు, ఫ్లెక్సీలు, దశదినకర్మ కార్డులు. మానుకోట అని మేం పిలుచుకునే మా ఊరి జనం బారసాల నుంచి పెద్దకర్మ దాకా వేయించుకునే కాగితాలన్నీ చాలాకాలం నా చేతుల మీదుగానే వెళ్లాయి. వాట్సాప్ వచ్చాక సగం మంది కార్డు బదులు బొమ్మ పంపించుకోవడం మొదలుపెట్టారు. పుస్తకం పని మాత్రం ఎప్పుడూ అరుదే. అందుకే షమీమ్ అక్క తన నవల పట్టుకుని మా షాపు మెట్లెక్కిన రోజు నాకు బాగా గుర్తు.

షమీమ్ అక్క డోర్నకల్ జంక్షన్‌లో బుకింగ్ క్లర్క్. అద్దం వెనక కూర్చుని టికెట్లిస్తూ, ఇవతల నిలబడ్డ మనుషులు ఎట్లా బేరమాడతారు, ఎట్లా తిట్టుకుంటారు, ఎట్లా బతిమాలతారు అని ఏళ్ల తరబడి విన్న మనిషి. ఇంట్లో దక్కనీ ఉర్దూ, కౌంటర్లో తెలుగు. సెలవు రోజుల్లో నవలలు రాసేది. రాసినవన్నీ నేరపరిశోధన కథలే. వాటిలో నాయిక సోమక్క, నర్సింహులపేట నుంచి వచ్చిన రైల్వే పోలీసు హెడ్ కానిస్టేబుల్. తుపాకీ కాల్చదు, గోడలు దూకదు. ఎదుటి మనిషిని మాటల్లో పెట్టి నిజం కక్కిస్తుంది.

మొదటి నవలలో ప్యాసింజర్ బండిలో వెళ్తున్న పెళ్లివారి నగల సంచి మాయమవుతుంది. దాన్ని నేను టైపు చేశాను. తర్వాత ఇద్దరం ప్రూఫ్ చూశాం. ప్రూఫ్ అంటే తప్పులు పట్టడం. మా పాత పద్ధతి ప్రకారం ఒకరు చేతిరాత ప్రతిని పైకి చదువుతుంటే, ఇంకొకరు తెర మీద సరిచూడాలి. షమీమ్ అక్క చదివేది, నేను చూసేదాన్ని. షాపులో ఓ మూల కూర్చుని పెళ్లికార్డులను కవర్లలో పెట్టే మా అత్తమ్మ చెవులు రెండూ ఇటే పెట్టేది. అక్క రాని రోజున కూడా, "ఆ సోమక్క దొంగను వట్టిందా లేదా?" అని నన్ను సతాయించేది.

నవలను హైదరాబాద్‌లోని ఒక ప్రచురణ సంస్థకు పంపించాం. కొన్ని నెలల తర్వాత జవాబొచ్చింది. వేస్తామన్నారు. అక్క ఆ రోజు డోర్నకల్ స్టేషనంతా మిఠాయిలు పంచింది. వారం తిరక్కముందే, అక్క నా షాపులో కూర్చుని ఉండగా, ఆ సంస్థ సంపాదకుడు ఫోన్ చేశాడు. నాకూ వినిపించాలని అక్క స్పీకర్ పెట్టింది.

"కథ చాలా బాగుంది మేడమ్. ఒక్క చిన్న మార్పు చేయాలి. సోమక్క భాష అందరికీ అర్థమయ్యేలా ఉండాలి. నాయిక కదా."

"మిగితా వాళ్లది సార్?"

"చాయ్ అమ్మేవాడు, కూలీలు, దొంగ... వాళ్లది అలాగే ఉంచండి. సరదాగా ఉంది."

ఆయన మర్యాదగానే మాట్లాడాడు. చెడ్డవాడని నేననను. తన వ్యాపారానికి ఏది మంచిదనుకున్నాడో అది చెప్పాడు. ఫోన్ పెట్టేశాక అక్క చేతిరాత ప్రతిని తన ముందుకు లాక్కుంది. తర్వాత, "మారుద్దాం స్వరూపా. పుస్తకం రావాలె గదా," అంది.

మార్చడం మొదలుపెట్టాం. కంప్యూటర్లో ఫైండ్ అండ్ రీప్లేస్ అని ఒక సౌకర్యం ఉంటుంది. ఒక మాట ఎక్కడెక్కడ ఉందో వెతికి, దాని స్థానంలో ఇంకో మాట పెట్టేస్తుంది. కానీ మా మాట తీరు అంత తేలిగ్గా లొంగేది కాదు. 'ఏంది' తీసి 'ఏమిటి' పెడితే పక్కనున్న క్రియ కుంటేది. ప్రతి వాక్యాన్నీ విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది. అట్లా కొన్ని అధ్యాయాలు పూర్తిచేసి ప్రూఫ్‌కు కూర్చున్నాం. మార్చిన పేజీల ప్రింటు పట్టుకుని, సోమక్క చాయ్ అమ్మేవాణ్ణి నిలదీసే చోటు అక్క పైకి చదువుతోంది.

మొదట రాసింది ఇది: "ఏందిరా, చాయ్ అమ్మెటోనికి రెండు ఫోన్లెందుకు? కిందికి జూడకు. జర నా మొఖం సూస్కుంట చెప్పు."

మార్చినది ఇది: "ఏమిటయ్యా, టీ అమ్మేవాడికి రెండు ఫోన్లు ఎందుకు? తల దించుకోకు. నా ముఖం చూస్తూ సమాధానం చెప్పు."

కవర్లు అతికిస్తున్న మా అత్తమ్మ చెయ్యి ఆగింది. "బిడ్డా, గీమె ఎవరు? కొత్త పోలీసామె అచ్చిందా?" అని అడిగింది.

"సోమక్కనే అవ్వా," అంది షమీమ్ అక్క.

"సోమక్క గిట్లెందుకు మాట్లాడ్తది? ఏమన్న పానం బాగలేదా?"

నాకు నవ్వొచ్చింది. అక్క మొఖం చూసి ఆపుకున్నాను. ఆమె కాగితాలు బల్ల మీద పెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ గొంతు మాత్రం గట్టిగా ఉంది. "ఆపు స్వరూపా. ఇగ వద్దు. దొంగేమో మా భాష మాట్లాడాలె, దొంగను వట్టేటామె మాట్లాడొద్దట. గిదేం లెక్క?"

అక్కడే, నా ఎదురుగానే ఆయనకు ఫోన్ చేసింది. "సార్, మాది కుదరదు. సోమక్క నర్సింహులపేటామె. ఆమెతోని వేరే తీరు మాట్లాడిపిస్తే దొంగ సుత నమ్మడు, నిజం చెప్పడు. నా కథ ఆగిపోతది." అవతలాయన ఇంకోసారి ఆలోచించుకోమన్నాడు. "ఆలోచించిన సార్. శుక్రియా," అని పెట్టేసింది.

కోపంలో తీసుకున్న నిర్ణయమని అప్పుడు అనుకున్నాను. మళ్లీ వారం సెలవు రోజున వచ్చి, "ఈబుక్కు చేద్దాం. నువ్వే చెయ్యాలె," అన్నప్పుడు గానీ ఆమె ఎంత గట్టిగా అనుకుందో అర్థం కాలేదు. సొంతంగా అచ్చు వేయిస్తే కట్టలన్నీ ఇంట్లో మంచాల కింద పడుంటాయని ఆమెకు తెలుసు. ఈబుక్ అయితే ఫోన్‌లోనే చదువుకునే పుస్తకం, కట్టలుండవు. ఎవరి అనుమతీ అక్కర్లేదు. కానీ ఆమె వదులుకుంటున్నదేమిటో కూడా నాకు తెలుసు. ఆమె భర్త సలీం భాయ్ లోకో పైలట్, అంటే రైలింజను నడిపే మనిషి. ఆ రోజు ఆయన కూడా వచ్చాడు. "నీకెట్ల మంచిగనిపిస్తె అట్ల చెయ్ షమీమ్. గాని పుస్తకం చేతిల వట్టుకోవాలె, వాసన సూడాలె అని ఎన్నేండ్ల సంది అంటుంటివి," అన్నాడు.

"వాసన లేకున్నా సరే. సోమక్క ఉంటే చాలు," అంది అక్క.

నేను అప్పటిదాకా ఈబుక్ చేయలేదు. ఆ మాటే చెప్పాను. "నేను సుత ఫస్టు నవల రాసేటప్పుడు ఎన్నడు నవల రాయలె," అని నవ్వేసింది. దాంతో ఇద్దరం నేర్చుకోవడానికి కూర్చున్నాం.

అచ్చుకోసం మేం వాడే పాత తెలుగు ఫాంట్లు మా కంప్యూటర్లలోనే తెలుగులా కనిపిస్తాయి. ఫోన్‌లో తెరిస్తే పిచ్చిగీతలే. అందుకే నవల మొత్తాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతిలోకి మార్చాలి. మార్చే సాఫ్ట్‌వేర్‌లో పెట్టగానే సగం ఒత్తులు ఊడిపోయాయి. మొదటి పేజీలోనే సోమక్క కాస్తా 'సోమక' అయి కూర్చుంది. అక్షరం అక్షరం వెతికి ఒత్తులన్నీ తిరిగి పెట్టాను.

ఆ పని అయ్యాక ఇంకొకటి ఎదురైంది. స్పెల్ చెక్ అని, తప్పనుకున్న మాట కింద కంప్యూటర్ ఎర్రగీత గీస్తుంది. సోమక్క నోరు తెరిచిన ప్రతిచోటా ఎర్రగీతలే. వచ్చినం, పోయినం, ఎట్ల, గిట్ల, జర, పరేషాన్... పేజీ చూస్తే పరీక్షలో తప్పిన పిల్ల పేపర్‌లా ఉంది. అక్క తెర కేసి చూసి, "సినిమాలల్ల మన మాటకు నవ్విన్రు. ఇప్పుడు మిషిన్ సుత తప్పంటున్నది," అంది.

ఆ గీతలు కనిపించకుండా ఆపేయడం ఒక్క నొక్కుతో అయ్యే పని. కానీ నాకు పట్టుదల వచ్చింది. మాట మీద మౌస్ కుడి బటన్ నొక్కితే 'యాడ్ టు డిక్షనరీ' అని వస్తుంది. ఇది కూడా మాటే, గుర్తుపెట్టుకో అని కంప్యూటర్‌కు చెప్పడమన్నమాట. ఒక్కో మాటా చేర్చుకుంటూ పోయాను. చేర్చిన ప్రతిసారీ నవలంతటా ఆ మాట కింది గీతలు ఒక్కసారిగా మాయమయ్యేవి. 'పోయినం' చేర్చినప్పుడు ఎన్ని పేజీలు తేటపడ్డాయో! నా వృత్తిలో అంత తృప్తినిచ్చిన పని ఇంకోటి లేదు.

ముఖచిత్రం విషయంలో మాత్రం నా అనుభవం పనికొచ్చింది. ఫోన్‌లో పుస్తకం అట్ట తపాలా బిళ్లంత కనిపిస్తుంది. పోతున్న బండి మీంచి కూడా చదవగలిగేట్టు ఫ్లెక్సీలు కొట్టినదాన్ని కాబట్టి, పెద్ద అక్షరాలు, ఒకే బొమ్మ ఉండాలని తెలుసు. ప్లాట్‌ఫారం బెంచీ మీద చాయ్ గ్లాసు, పక్కన పోలీసు టోపీ పెట్టాం. చివరికి ఈపబ్ తయారైంది. ఈపబ్ అంటే తెర ఎంత ఉంటే అంతకు తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఫైలు. చదివేవాళ్లు అక్షరాల్ని పెద్దవి చేసుకోవచ్చు, చిన్నవి చేసుకోవచ్చు. అందులో లోపలి పేజీ కోసం అక్క రాసిచ్చిన చీటీ చూసి నేను ఆగిపోయాను. 'అక్షరాల కూర్పు: స్వరూప, మహబూబాబాద్' అని పెట్టమంది. ఎంతమంది పేర్లో కార్డుల మీద కూర్చాను గానీ నా పేరు నేను కూర్చడం అదే మొదలు.

ఒక ఈబుక్ స్టోర్‌లో పెట్టాం. మొదట్లో ఉలుకూ లేదు, పలుకూ లేదు. స్టేషన్లో తోటి ఉద్యోగి ఒకాయన, "మేడమ్, మిఠాయి తిన్నం. పుస్తకమేది?" అని అడిగాడట. ఫోన్ తీసి చూపిస్తే, "ఇది పుస్తకమా, వాట్సాప్ స్టేటసా?" అన్నాడట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు అక్క నవ్వింది గానీ, ఆ రోజు చాయ్ సగంలోనే వదిలేసి వెళ్లింది. ఆ సంస్థకు ఒప్పుకుని ఉంటే అచ్చు పుస్తకం ఈపాటికి చేతిలో ఉండేది కదా అని నాకూ దిగులేసింది.

కొన్నాళ్లకు సలీం భాయ్ డ్యూటీ దిగి నేరుగా మా షాపుకే వచ్చాడు, భార్యతో కలిసి. లోకో పైలట్లు డ్యూటీల మధ్య నడుం వాల్చే గదిని రన్నింగ్ రూమ్ అంటారు. అక్కడ జరిగింది మాకు చెప్పాలని ఆయన ఆత్రం.

"పక్క మంచం మీద ఒకాయన ఫోన్ సూస్కుంట ఒక్కడే నవ్వుతుండు. ఏంది భాయ్ అన్న. సోమక్క అని ఒక పోలీసామె ఉన్నదన్నా, మా చిన్నమ్మ లెక్కనే మాట్లాడుతది అన్నడు. నేను ఆమెను రాసినామె మొగున్నని చెప్పలే. చెప్తే సదువుడు ఆపి నాతోని ముచ్చట వెడ్తడని సప్పుడు జెయ్యకుంట పన్న."

షమీమ్ అక్క దుపట్టా అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నేను తేల్చుకోలేకపోయాను.

ఆ తర్వాత పాఠకులు పెరిగారు. రైళ్లలో చదివేవాళ్లే ఎక్కువ. గుంటూరు నుంచి ఒకావిడ స్టోర్‌లోనే అభిప్రాయం రాసింది. మొదట కొన్ని మాటలు తెలియలేదని, ఆగి ఆగి చదివానని, తర్వాత సోమక్క గొంతు చెవిలో వినబడటం మొదలయ్యాక ఆపలేకపోయానని చెప్పి, రెండో నవల ఎప్పుడని అడిగింది. అక్క ఆ మాటలు నాకు ఫోన్‌లో చదివి వినిపించింది. "అర్థం గాదన్నరు గదా స్వరూపా! గుంటూరుల అర్థమైంది!" అని ఆమె అరిచిన అరుపు మా షాపులో అందరికీ వినిపించింది.

రెండో నవల, మూడో నవల కూడా అట్లాగే, ఒక్క మాటా మార్చకుండా వేశాం. జనగామలోని ఒక కాలేజీలో తెలుగు చెప్పే మేడమ్ మా ఇద్దరినీ పిలిచింది. ఒక అమ్మాయి లేచి తన ఫోన్ చూస్తూ, మొదటి నవలలో పెళ్లివారి మేనత్తను సోమక్క ప్రశ్నించే భాగం చదివింది. మొదటి వాక్యం పాఠం అప్పజెప్పినట్టు మొదలుపెట్టింది. రెండో వాక్యానికి గొంతు మారింది, చెయ్యి నడుం మీదికి వెళ్లింది. ఇంట్లో మాట్లాడినట్టే చదువుకుంటూ పోయింది. పిల్లలు నవ్వారు. ఆ భాషను చూసి కాదు, మేనత్త అబద్ధం దొరికిపోయినందుకు. ఆ తేడా కోసమే షమీమ్ అక్క ఇన్నేళ్లూ రాసింది. నా పక్కన కూర్చున్న ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

హైదరాబాద్ ప్రచురణ సంస్థ మళ్లీ ఫోన్ చేయలేదు. అక్కకు అచ్చు పుస్తకం మీద ఆశ పోలేదు. ఎప్పటికైనా వేసుకుందామంటుంది, కానీ తొందరపడదు. నా షాపు బోర్డు మీద మాత్రం 'పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు' అన్నదాని కింద 'ఈబుక్కులు' అని చేరింది.

టైపు చేసేవాళ్లం మేం అక్షరదోషాలు చూడటమే పని అనుకుంటాం. ఏది దోషమో ఎవరు నిర్ణయించారని అడిగే అలవాటు నాకీ పనితోనే వచ్చింది. ఇప్పుడు ఎవరు కథలు తెచ్చినా, ఫాంటు సంగతీ అట్ట సంగతీ తర్వాత. ముందు ఒక్క ప్రశ్న వేస్తాను. ఈ మధ్య భూపాలపల్లి నుంచి ఒక బొగ్గుగని కార్మికుడు తన కథలు పట్టుకుని వచ్చాడు. అన్నీ గనిలో పనిచేసేవాళ్ల కథలే.

"అన్నా, మీ మనుషులు ఎట్ల మాట్లాడుతరో అట్లనే ఉంచుదామా?" అని అడిగాను.

ఆయన నాకేసి వింతగా చూశాడు.

"గట్లనే ఉంచాలె మేడమ్. లేకుంటె రేపు షిఫ్టుల వాళ్లు నాతోని మాట్లాడరు."