పాత మందు పళ్లెం

ప్రయోగశాలలో అందరూ ఆమెను పెంపుడమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింతగా అన్నారు, తర్వాత అదే పేరైపోయింది. ఆవిడ పెంచేది పిల్లల్నీ కాదు, పిల్లుల్నీ కాదు. పెద్దపేగు కేన్సరు కణాలను. ఆపరేషనులో కోసి తీసిన గడ్డలోంచి చిక్కుడుగింజంత ముక్క ఐసు డబ్బాలో వస్తుంది. దాన్ని సన్నగా తరిగి, గులాబీరంగు ద్రవం పోసిన సీసాలో వేసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో పెట్టి, రోజు విడిచి రోజు ద్రవం మార్చాలి. చాలా ముక్కలు ఎవరి చేతిలోనూ బతకవు. ఆవిడ చేతిలో పడితే మాత్రం సగానికి సగం బతికేవి. వాటితో కబుర్లు కూడా చెప్పేది. "ఏం నాన్నా, ఆకలేస్తోందా?" అనడం విని కొత్తగా చేరినవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. కేన్సరుకు వేళకు తిండి పెట్టి బుజ్జగించే మనిషి లోకంలో ఇంకెవరుంటారు చెప్పండి!

ఆవిడకు ఒక్కడే అన్న, టైలరు. వీధివైపు గదిలో మిషను, వెనక గదిలో కాపురం. చొక్కా కాలరు కుట్టడంలో అతన్ని మించినవాడు లేడని వీధంతా ఒప్పుకుంది, అతనైతే అందరికంటే ముందే ఒప్పుకున్నాడు. చెప్పిన రోజుకు ఇవ్వడం మాత్రం ఎరగడు. ఎప్పుడు వెళ్లినా "కాజాలొక్కటే మిగిలాయండీ, రేపు రండి" అంటాడు. తల్లి పోయాక చెల్లెల్ని చదివించింది ఆ మిషనే. ఆవిడ పనిలో వేసుకునే తెల్లకోటు కూడా అతను కుట్టిందే, లోపల జేబు ఒకటి అడక్కుండానే పెట్టాడు.

ఆ అన్నకే పెద్దపేగులో గడ్డ వచ్చింది. కోశారు. పరిశోధనకు ఒక ముక్క ఇస్తారా అని అడిగితే, "మా చెల్లెలు పనిచేసే చోటికేగా, రెండు తీసుకోండి" అన్నాడట. ముక్క మీద పేరుండదు, అంకె ఒక్కటే ఉంటుంది. కానీ ఆ వారం వచ్చింది ఆ ఒక్క డబ్బానే. పెంపుడమ్మ వెళ్లి, ఇది మా అన్నయ్యదండీ, ఇంకెవరికైనా అప్పగించండి అని ప్రయోగశాల పెద్దసారుతో చెప్పింది. "ఇంకెవరు పెంచగలరమ్మా?" అన్నాడాయన. ఆ మాటా నిజమే.

అవి పెరిగాయి. సీసా అడుగంతా పరుచుకుని, చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కి మరీ పెరిగాయి. అందరూ మైక్రోస్కోపులో చూసి ఆవిడను మెచ్చుకున్నారు. ఆవిడకు మాత్రం భయమేసింది. సీసాలో ఇంత జోరుగా పెరిగేవి ఒంట్లో ఊరుకుంటాయా? ద్రవం మార్చకుండా వదిలేద్దామా అనిపించింది. కానీ సీసాలోవి చస్తే అన్నకు ఒరిగేదేమిటి? కళ్లు తుడుచుకుని ద్రవం మార్చింది.

గడ్డ కోసినా కంటికి కనిపించని కణాలు మిగిలి ఉంటాయని, ఆస్పత్రి డాక్టరమ్మ టైలరుకు సెలైనులో మందు ఎక్కించడం మొదలుపెట్టింది. ఏళ్లతరబడి వాడుతున్న పాత మందే. వాంతులు ఓర్చుకున్నాడు. వేళ్ల సంగతే ఓర్చుకోలేకపోయాడు. కత్తెర ముట్టుకుంటే చల్లటి ఇనుము షాకు కొట్టినట్టు జివ్వుమనేది. తర్వాత్తర్వాత వేళ్లు మొద్దుబారాయి. ఒకరోజు సూది వేల్లో దిగినా అతనికి తెలియలేదు. తెల్లగుడ్డ మీద ఎరుపు చూసి, బట్టలకోసం వచ్చినాయన కేకపెడితే తెలిసింది. ఆ రోజు మిషను మీద గుడ్డ కప్పేసి, దాని పక్కనే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

సరిగ్గా అప్పుడే ప్రయోగశాలలో సంబరం. కేన్సరు కణంలో ఒక జన్యువు ఉంటుంది, దానికి నోరు మూతపడదు. రెండుగా చీలు, నాలుగుగా చీలు అని కణానికి ఆగకుండా ఆజ్ఞలు పంపుతూనే ఉంటుంది. ఆ ఆజ్ఞ చీటీలాగా ఆర్‌ఎన్‌ఏ రూపంలో బయటికొస్తుంది. ఆ చీటీకి సరిగ్గా అతుక్కునే బుల్లి ఆర్‌ఎన్‌ఏ ముక్కను తయారుచేసి లోపలికి పంపితే, కణం తన చీటీని తానే చింపేసుకుంటుంది. జన్యువు ఎక్కడికీ పోదు, దాని మాట చెల్లదంతే. అన్న కణాలను రెండు చిన్న గాజు పళ్లేల్లో పరిచి, ఒకదాంట్లో ఆ ముక్క వేశారు, పక్కదాంట్లో అర్థంపర్థం లేని ఉత్తుత్తి ముక్క వేశారు. రెండోది కళకళలాడుతుంటే, మొదటి పళ్లెంలోవి గుండ్రంగా ముడుచుకుపోయి, అడుగు వదిలి తేలిపోయాయి. అందరూ చప్పట్లు కొట్టారు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ సాయంత్రమే ఫోనులో ఫొటో పెట్టుకుని ఆవిడ అన్న ఇంటికి పరుగెత్తింది.

"చచ్చాయన్నయ్యా! ఇదిగో, చూడు!"

టైలరు ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇవన్నీ నావేనా?"

"నీవే. నేను పెంచినవే."

"పెంచిందీ నువ్వే, చంపిందీ నువ్వే. భేషుగ్గా ఉందే నీ ఉద్యోగం!" చాలా రోజులకు నవ్వాడు. "మరి ఇప్పుడు నాకెక్కిస్తున్నారే, ఆ మందుకూ చస్తున్నాయా?"

"అదింకా వేసి చూడలేదు. మా కొత్తదాంతో పోల్చాలిగా, తర్వాత వేస్తారు."

గుమ్మంలో నిలబడ్డ వదిన అడిగింది. "అయితే ఈ కొత్త మందు వస్తుందా అమ్మాయ్?"

"వస్తుంది వదినా, ఎందుకు రాదు?"

ఆ మాటతోనే కొంప మునిగింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆవిడకు తెలియక కాదు. సంతోషం వస్తే మనిషి తెలిసినవన్నీ మరిచిపోతుంది.

టైలరు పాత మందు మానేశాడు. "ఎలాగూ చెల్లెలి మందు వస్తోంది. అందాకా నా వేళ్లు నాకు మిగలనీ" అన్నాడు. వదిన బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. చివరికి పెంపుడమ్మకు కబురుపెట్టింది. ఆవిడ పని మధ్యలో వదిలేసి వచ్చింది.

"అన్నయ్యా, అది మందు కాదు, ఇంకా పళ్లెంలో ఉన్న ఆశ. పళ్లెంలో అయితే నేను తిన్నగా కణాల నెత్తిన పోస్తాను. ఒంట్లోకి ఎక్కిస్తే రక్తంలో దిగిన కాసేపటికే ముక్కలైపోతుంది. కొవ్వుబొట్లలో చుట్టి పంపినా వెళ్లి కాలేయంలో కూర్చుంటుంది. గడ్డదాకా చేర్చే దారే దొరకలేదు. ఎన్నేళ్లు పడుతుందో మా పెద్దసారుకే తెలీదు."

టైలరు చిరునవ్వు నవ్వాడు. "నా దగ్గరే నేర్చుకున్నావే ఇది! గిరాకీ తొందరపెడితే నేనూ ఇలాగే అంటాను, కాజాలొక్కటే మిగిలాయండీ అని. చొక్కా ఎప్పుడైనా ఇవ్వకుండా ఎగ్గొట్టానా? నీకు కుదిరినప్పుడే ఇవ్వు. నేను ఆగుతాలే."

"నా మాట నమ్మవా?"

"నీ మాట నమ్మేగా మానేసింది!"

ఆవిడ కాళ్లు పట్టుకుంది. డాక్టరమ్మ ఫోను చేసి కోప్పడింది. అతను కదల్లేదు. ప్రయోగశాలలో రచ్చ గెలిచిన మనిషి ఇంట గెలవలేకపోయింది. వీధి తలుపుదాకా వచ్చి వదిన, "నీ ఫొటో మా కొంప తీసింది" అంది. అదే ఆఖరు, మళ్లీ ఆవిడతో మాట్లాడలేదు.

నిజం చెప్పొద్దూ, టైలరు కొన్ని నెలలు హాయిగా ఉన్నాడు. వేళ్లకు స్పర్శ తిరిగొచ్చింది. కాలర్లు మళ్లీ కత్తిలా నిలబడ్డాయి. చెల్లెలికి కొత్త తెల్లకోటు కుట్టి, చెప్పిన రోజుకే ఇచ్చాడు. వీధిలో ఎవరూ నమ్మలేదు.

తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. స్కానులో కాలేయం నిండా మచ్చలు. "ఇప్పుడా పాత మందిస్తే జబ్బుకంటే ముందు మందే తీసుకెళ్లిపోతుంది" అంది డాక్టరమ్మ. చేతులు కాలాక ఆకులు పట్టుకుందామన్నా ఆకులు దొరకలేదు. పెంపుడమ్మ పెద్దసారు గదిలోకి వెళ్లి నిలబడింది.

"కాలేయానికైతే మనది చేరుతుంది కదండీ. ఇప్పుడు అక్కడే ఉందండీ జబ్బు."

"ఎలుకలక్కూడా ఇంకా ఇవ్వలేదమ్మా" అన్నాడాయన.

ఆ వారమే పాత మందును పోల్చి చూడాల్సి వచ్చింది. అన్న కణాలున్న పళ్లెంలో ఆవిడే తన చేత్తో ఆ మందు పోసింది. మూడోనాడు మైక్రోస్కోపులో చూస్తే అడుగున ఒక్కటంటే ఒక్క కణం అంటుకుని లేదు. తమ కొత్త ముక్క వేసిన పళ్లెంకన్నా శుభ్రంగా ఉంది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాత మందు గెలిస్తే అదేం వార్త? "ఛ, దీనికే బాగా లొంగుతున్నాయే" అని పెద్దసారు విసుక్కుని వెళ్లిపోయాడు.

ఆవిడ మళ్లీ మైక్రోస్కోపులోకి వంగి చూసింది. పళ్లెంలో చచ్చినంత మాత్రాన ఒంట్లో చస్తాయని లేదు. ఆ సంగతి అన్నకు చెప్పింది తనే. ఇప్పుడు తనకు తాను ఎన్నిసార్లు చెప్పుకున్నా గుండె ఒప్పుకోలేదు.

సాయంత్రం వెళ్లేసరికి టైలరు మిషను పక్కనే మంచం వేయించుకుని పడుకున్నాడు. వదిన అతని కాళ్లు పడుతోంది, తల ఎత్తలేదు.

"పాత మందు వేసి చూస్తామన్నావుగా" అన్నాడు టైలరు మెల్లిగా. "చూశారా?"

"చూశారన్నయ్యా."

"నావి ఏమన్నాయి?"

వదిన చేతులు ఆగిపోయాయి. పెంపుడమ్మ అన్న వేళ్లకేసి చూసింది. సన్నబడిపోయాయి గానీ, దుప్పటి అంచు కుట్టును తడిమి చూస్తున్నాయి.

"దేనికీ లొంగలేదు" అంది. "పాత మందులో కూడా హాయిగా పెరిగాయి. నువ్వు వేయించుకున్నా ఇంతేనన్నయ్యా."

టైలరు కళ్లు మూసుకుని పెద్ద నిట్టూర్పు విడిచాడు. మొహం తేటపడింది. "విన్నావుటే?" అన్నాడు భార్యతో. "మానేసి నేనే నీకు అన్యాయం చేశానని రోజూ కుమిలిపోతున్నాను. నా తప్పేం లేదట."

అతను నిద్రలోకి జారుకున్నాక వదిన లేచి వచ్చింది. ఇన్ని నెలల తర్వాత పెంపుడమ్మ చెయ్యి పట్టుకుంది.

"నిన్ను ఊరికే ఆడిపోసుకున్నానమ్మాయ్. పాపం, నువ్వేం చేశావని? ఏమీ అనుకోకు. రా, నాలుగు మెతుకులు తిందువుగాని."

చెయ్యి వెనక్కి లాక్కుంటే వదినకు నిజం తెలిసిపోతుంది, వదినకు తెలిస్తే అన్నకూ తెలుస్తుంది. పెంపుడమ్మ వెళ్లి పీట మీద కూర్చుని, వదిన వడ్డించినదంతా తింది.