వేడి చాలని ఐరన్

సోల్డరింగ్ ఐరన్ మొనకు లెడ్డు తీగ తగలగానే సన్నటి పొగ లేచింది. అచ్చం గుగ్గిలం వాసన. విశాఖలో ఎలక్ట్రానిక్స్ దుకాణం బల్ల ముందు నిలబడ్డవాణ్ణి ఒక్క అడుగు వెనక్కి వేశాను. అరకు దగ్గర బడిలో సైన్సు క్లబ్బు పిల్లలు చిన్న రేడియోలు, దీపాలు తయారు చేసుకోవడానికి ఒక మంచి ఐరన్ కొనాలని వచ్చాను. దుకాణదారు నాలుగు రకాలు వరసగా పెట్టి, "పిల్లలకే కదా సార్, ఇరవయ్యైదు వాట్లది చాలు. మొన సూదిలా ఉంటుంది, పని నాజూకు" అన్నాడు. "ఊళ్ళో కరెంటు నూట అరవై వోల్టులకు పడిపోతే ఇది ఎంత వేడెక్కుతుంది?" అని అడిగాను. ఆయన నవ్వి, "ఆ ప్రశ్న ఎవరూ అడగరు సార్" అన్నాడు. నన్ను చాలా ఏళ్ళ కిందట ఒకాయన అడిగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆయన గాసన్న. జి.మాడుగుల సంతలో రేకుల కొట్టు పెట్టుకుని రేడియోలు, ఫోన్లు, పెళ్ళిళ్ళ సౌండు బాక్సులు బాగు చేసేవాడు. ఏజెన్సీ మనిషి. చదివింది అయిదో తరగతి. మెడలో కొండదేవత తాడు ఉండేది. మూఢనమ్మకాల మీద ఊరూరా ప్రసంగాలు చేసే నాకు మొదటి చూపులో నచ్చింది ఆయన చేతులు, నచ్చనిది ఆ తాడు. తాడు సంగతి ఎత్తితే, "ఇది నా మెడకుందిగానీ నీ మెడకు లేదు కదా బాబూ, నీకేటి బరువు?" అనేవాడు. నాకు ఒళ్ళు మండేది.

అక్కడికి మూడు కోసుల దూరంలోని ఒక గూడెంలో సోలారు పంపు పెట్టారు. కొద్ది నెలలకే అది రోజూ మధ్యాహ్నం ఆగిపోవడం మొదలైంది. అందరూ పొద్దున్నే నీళ్ళు పట్టుకుని పొలాలకు పోతారు. చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే బుద్రమ్మ మాత్రం మధ్యాహ్నం బిందెతో వచ్చేది. ఆమె రాగానే పంపు ఆగేది. ఇంకేం, చిల్లంగి అన్నారు. చేతబడి చేసే ఆడదని ముద్ర వేశారు. పంపు దగ్గరికి రావద్దన్నారు. ఆమె కొండవాగు గెడ్డకు దిగి చెలమ నీళ్ళు మోసుకునేది. ఊరు విడిచిపొమ్మనే మాట కూడా పుట్టిందని తెలిసి, ఆవేశంగా బయలుదేరాను. సంచీలో ఇరవయ్యైదు వాట్ల సూదిమొన ఐరన్. కొన్నప్పుడు దాని సన్నదనం చూసి మురిసిపోయాను.

పంపు పెట్టె తెరిస్తే కారణం కనిపించనే కనిపించింది. లావుపాటి తీగ అతుకు బీటలిచ్చింది. ఎండకు పెట్టె వేడెక్కితే అతుకు విడుతోంది, చల్లబడితే కలుస్తోంది. బుద్రమ్మ వచ్చే వేళ, ఎండ ముదిరే వేళ ఒకటే. ఊరి కరెంటుతో ఐరన్ వేడి చేసి, అతుకు మీద లెడ్డు పోసి, జనాన్ని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు కూడా. మూడో రోజు మధ్యాహ్నం అందరి ఎదుట బుద్రమ్మను పిలిపించి, "బిందె పెట్టమ్మా" అన్నాను. బిందె సగం నిండింది. పంపు ఆగింది.

మంచి చెడు ముహూర్తాలు చెప్పే దిసారి ముసలాయన అందరికంటే ముందు నోరు విప్పాడు. "బాబూ, నీ సైన్సు మద్దేనానికే సచ్చిపోనాదేటి?" అందరూ నవ్వారు. బుద్రమ్మ నవ్వలేదు. సగం బిందె అక్కడే ఒంపేసి వెళ్ళిపోయింది. అంతకుముందు అది అనుమానం. నేను వెళ్ళాక రుజువైంది.

సంతకు తిరిగొచ్చి జరిగింది చెబితే, గాసన్న తన కొట్లో నా ఐరన్‌ను వేళ్ళ మధ్య తిప్పి చూశాడు. "సీమలకి కాళ్ళు అతకడానికా ఇది? ఆ ఊళ్ళో కరెంటు ఎంతొత్తాదో సూసినావా?"

"లెడ్డు కరిగింది కదా!"

"కరిగింది ఐరన్ మీద. తీగ సల్లగానే ఉంది. సల్లటి తీగ మీద లెడ్డు అంటుకోదు, కూకుంటాది. నువ్వు మాటాడినట్టే."

మర్నాడు ఆయనే వచ్చాడు. భుజాన మొద్దులాంటి పాత రాగి ఐరన్ ఉంది. కరెంటుతో పనిలేదు, బొగ్గుల్లో కాల్చుకోవాలి. గూడెంలోకి వెళ్ళగానే పంపు దగ్గరికి పోలేదు. నేరుగా బుద్రమ్మ గుమ్మంలో కూర్చుని, అక్క వరసతో పిలిచాడు. "అప్పా, దాహమేత్తంది. నీల్లియ్యి." చిల్లంగి అన్న మనిషి చేతి నీళ్ళు ఎవరూ ముట్టరు. ఆమె కదల్లేదు. "బేగి తే అప్పా, నోరెండిపోతంది" అని గట్టిగా అన్నాడు, వీధికంతా వినపడేలా. ఆనపకాయ బుర్రతో ఆమె తెచ్చిన నీళ్ళు ఎత్తి గటగటా తాగాడు. నేను మూడు రోజులు ఆ మనిషి గురించి మాట్లాడాను. ఆ గడప ఒక్కసారి ఎక్కలేదు.

తర్వాత మధ్యాహ్నం దాకా ఆగి, పంపు ఆగాక, గోనెసంచి తడిపి దిసారి చేతికిచ్చాడు. "తాతా, పెట్టె మీద కప్పు." కాసేపటికి పంపు తిరిగింది. సంచి తీయించాడు. కొంతసేపటికి ఆగింది. దిసారి అడక్కుండానే మళ్ళీ కప్పాడు. మళ్ళీ తిరిగింది. బుద్రమ్మ అప్పుడు తన ఇంట్లోనే ఉంది. ఎవరూ ప్రసంగం చేయలేదు. గాసన్న బొగ్గుల్లో రాగి మొద్దు కాల్చి, ముందు తీగను వేడి చేశాడు. లెడ్డు తనంతట తానే తీగ సందుల్లోకి పాకింది. ఆ పొగ వాసన చూసి ఒక ముసలమ్మ, దేవుడి ముందు గుగ్గిలం అనుకుందేమో, చేతులు జోడించింది. నేను ఆపబోయాను. గాసన్న కళ్ళతోనే వద్దన్నాడు.

దిగి వచ్చేటప్పుడు నేను గెలిచినంత సంబరపడుతున్నాను. ఆయన మాత్రం దారిలో ఆగి అడిగాడు. "అతుకులో తప్పు దొరికినాది కాబట్టి ఆయమ్మ బతికినాది. దొరక్కపోతే ఏటి సేసేవోడివి బాబూ?"

గాసన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆ ప్రశ్న నన్ను కుదురుగా కూర్చోనివ్వదు. కారణం చూపించడమే నా పని అనుకున్నాను ఇన్నాళ్ళూ. కారణం తెలియని ప్రతి రోగానికీ, ప్రతి చావుకీ ఒక బుద్రమ్మను వెతికే ఊళ్ళున్నాయే! మనిషి నిర్దోషి అనడానికి తీగలో బీట కనిపించి తీరాలా?

విశాఖ దుకాణంలో చివరికి అరవై వాట్లది తీసుకున్నాను. వేడి తగ్గితే తనే సర్దుకునేది, వెడల్పు మొన, అరిగితే మార్చుకునే వీలు, ఎర్తు ఉన్న మూడు పిన్నుల ప్లగ్గు. బడి దగ్గర ఇచ్చేసి అటునుంచి అటే కొండ మీది మరో గూడేనికి వెళ్ళాలి. అక్కడ ఒకామెను వెలివేశారని కబురొచ్చింది. అక్కడ పంపు లేదు, పెట్టె లేదు, అతుకూ లేదు. జ్వరాలున్నాయి, ఎందుకొస్తున్నాయో డాక్టరు ఇంకా తేల్చలేదు. నా దగ్గరా జవాబు లేదు.

ముందు ఆమె గుమ్మంలో కూర్చుని నీళ్ళడుగుతాను.