బాల్ హెడ్‌తో ఒక ముహూర్తం

మొయినాబాద్‌లో కెమెరా సామాన్లమ్మే దుకాణం ఆయన ముందే చెప్పాడు. "అన్నా, పెండ్లి గుంపుల ఒంటికాలి మోనోపాడే మంచిది, మూడు కాళ్ల స్టాండుకు సందుండదు. గని దాని మీద కెమెరా పెట్టనీకి బాల్ హెడ్ వద్దు. నీ లెన్సు బరువున్నది, పక్కకు వాలుతది. ముందుకు ఎనకకు వంగే టిల్ట్ హెడ్ చాలు." నాకు రోషమొచ్చింది. పన్నెండేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నవాడికి నువ్వు నేర్పుతావా అనుకుని, అన్ని వైపులా తిరిగే బాల్ హెడ్డే బిగించుకుని వచ్చాను.

మూడో రోజే చేవెళ్లలో పెళ్లి. వధూవరుల మధ్య అడ్డతెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతుల్లో సిద్ధంగా ఉంది, పంతులు గడియారం చూస్తున్నాడు. తెర దించే క్షణం మళ్లీ రాదు. సరిగ్గా అప్పుడే హెడ్ జారి లెన్సు కిందికి వాలిపోయింది. చెమట పట్టిన వేళ్లతో ఎంత బిగించినా నిలవలేదు.

నా ముందు నిలబడిన పెళ్లికూతురి అన్న, "మంచిగ తియ్యి అన్నా" అని చెప్పడానికి నా వైపు తిరిగాడు. అతని భుజం మీదే లెన్సు ఆనించి, "జర కదలకు" అన్నాను. అతను ఊపిరి బిగబట్టాడు. మేళం జోరందుకుంది, తెర దిగింది. ఫోటోలన్నీ అద్దంలా వచ్చాయి.

మేళం తగ్గాక కూడా అతను వేదికకు వీపు పెట్టి అలాగే నిలబడి ఉన్నాడు.

"అయిపోయిందా అన్నా?" అని నన్నడిగాడు.