కలుగు దగ్గర కూర్చునే మనిషి

ఈ బెంగాలీ ఊళ్లో మనిషి వయసు తెలుసుకోవడానికి పుట్టినరోజు కాగితాలు వెతకనక్కర్లేదు. బస్సెక్కితే కండక్టరే చెప్పేస్తాడు. కుర్రతనంలో నన్ను ‘భాయ్’ అన్నారు. మీసాలొచ్చాక ‘దాదా’ అన్నారు, అంటే అన్నయ్యని. జుట్టు పలచబడ్డాక ‘కాకూ’ అన్నారు, అంటే బాబాయినయ్యాను. అదీ ఓర్చుకున్నాను. మొన్నామధ్య ఖిదిర్‌పూర్ నాలుగు రోడ్ల దగ్గర కదులుతున్న బస్సు వెంట పరిగెత్తి ఎక్కబోతుంటే కండక్టరు చెయ్యి అడ్డం పెట్టి, “దాదూ, ఆస్తే ఆస్తే!” అన్నాడు. తాతా, మెల్లగా అని. మనవలు తాతా అంటే ముద్దొచ్చింది గానీ టికెట్లు కొట్టేవాడు అనేసరికి ఒళ్లు మండింది. ఆ బస్సు ఎక్కలేదు. దానికంటే ముందు మార్కెట్టు చేరాలని నడిచాను. ట్రాఫిక్కు దయవల్ల చేరాను కూడా.

నేను వేటగాణ్ణి. పులిని కొట్టినవాడైతే దాని తల గోడకి తగిలించుకుంటాడు. నేను పట్టినవాటి తలలు గోడకి తగిలిస్తే మా ఆవిడ వాటి పక్కనే నాదీ తగిలిస్తుంది. నాది పందికొక్కుల వేట. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడి మున్సిపాలిటీలో ఎలుకలు పట్టే కొలువులో చేరాడు. ఐదో తరగతిలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలిందో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆయన తర్వాత ఆ కొలువు నాకొచ్చింది. ఇప్పుడు రిటైరయ్యాను. కొక్కులు మాత్రం రిటైరవలేదు. రేవు పక్క గోదాముల వాళ్లూ, దుకాణాల వాళ్లూ ఇంకా కబురు పెడుతూనే ఉంటారు. పెట్టకపోతే నేనే వెళ్లి, “ఏం, మీ కొక్కులు కులాసాగా ఉన్నాయా?” అని అడిగొస్తాను.

మా వేట ఇద్దరి పని. కొక్కు కలుగుకి చాలా నోళ్లుంటాయి. ఒక్కటి వదిలి మిగతావన్నీ ఇటుకలతో, మట్టితో మూసేస్తాం. ఒకడు కొబ్బరి పీచు, ఎండుమిరపకాయలు వేసిన కుండతో లోపలికి ఊదర పెట్టి, డబ్బా కొట్టి, గునపంతో నేల దద్దరిల్లేలా పొడుస్తాడు. రెండోవాడు ఆ వదిలేసిన నోటి దగ్గర గోతాం పట్టుకుని గొంతుక్కూర్చుంటాడు. పొగకి తాళలేక కొక్కు వచ్చి గోతాంలో పడుతుంది. అయితే మావాళ్లలో ఒక లెక్క ఉంది. కలుగు దగ్గర కూర్చున్నవాడే వేటగాడు. ఊదర పెట్టినవాడు ఎంత చెమటోడ్చినా ఉత్త తోలేవాడే. కూర్చున్నవాడు మాట్లాడకూడదు, గోక్కోకూడదు, నోట్లో ఖైనీ కూడా కదపకూడదు. కొక్కు ముందు ముక్కు బయటపెట్టి లోకం ఎలా ఉందో చూసుకుంటుంది. లోకం కదిలిందా, మళ్లీ రాదు.

మా జంటలో తోలేవాణ్ణి నేను, కూర్చునేవాడు నా జతగాడు. ఉద్యోగమంతా అలాగే గడిచింది. వాడు రాయిలా కూర్చునేవాడు. ఒకసారి వాడి నెత్తి మీద కాకి వాలబోయిందని నేను ఊరంతా చెప్పాను. నిజంగా వాలలేదు గానీ వాలినా తప్పులేదు. పోయిన చలికాలం వాడు ఇంట్లో కుర్చీలో కూర్చుని టీ అడిగాడట. వాళ్లమ్మాయి టీ తెచ్చేసరికి లేడు. అప్పట్నుంచి నాకు కుర్చీ అంటే పడదు. టీ కొట్టు దగ్గరా నిలబడే తాగుతాను. ఇంట్లో అన్నం కూడా గుమ్మం దగ్గర నిలబడి తింటుంటే మా ఆవిడ, “రైలు పోతాదేటి?” అంటుంది.

మరి వాడి చోటు ఖాళీ అయ్యింది కదా. ఇన్నాళ్లకి వేటగాణ్ణి అనిపించుకునే వంతు నాకొచ్చిందనుకుని అందులో నేనే కూర్చున్నాను. దొరికిన మనిషి చేత ఊదర పెట్టించేవాణ్ణి. ఆ తర్వాత నా గోతాంలో ఒక్క కొక్కు పడితే ఒట్టు. పొగ చాలలేదన్నాను. గోతాం వాసనేస్తోందన్నాను. కొక్కులు చదువుకున్నాయన్నాను. జనం నవ్వారు గానీ కబుర్లు పెట్టడం తగ్గించేశారు.

అలాంటి రోజుల్లో మా తెలుగువాళ్లుండే క్వార్టర్ల అమ్మవారి గుడి వెనక సామాన్ల గదిలో కొక్కు పడింది. ఏటా అమ్మవారి సంబరానికి బియ్యం అక్కడే ఉంచుతారు. రెండు బస్తాలు కొట్టేసింది, గచ్చు కుంగింది. గుడి కమిటీ పెద్ద, రేవులో క్రేను నడిపే మనిషి, అందరి ముందూ నాతో అన్నాడు:

“బావూ, మందెట్టే కంపెనీవోళ్లని పిలుత్తాం. నువ్వింక ఇస్రాంతిగా కూకో.”

“కూకోడానికి నా మోకాళ్లు ఒప్పుకోవు. అయినా అమ్మోరి పెసాదం బియ్యం పక్కన ఇసం ఎట్టి ఎవుల్ని సంపుదారని?”

“మరి నువ్వు పట్టగలవేటి? మొన్న పిండి గోదాంలో కొక్కు నీ మీంచే గెంతి ఎల్లిపోనాదట!”

“గెంతలేదురా. పెద్దోణ్ణని దండమెట్టి ఎల్లింది.”

అంతా నవ్వారు. అతను మాత్రం నవ్వుతూనే బిగించాడు. “సరే. ఆదివారం ఒక్క పొద్దు నీది. పొద్దు గూకేలోగా పట్టినావా, ఇక ముందు కూడా నువ్వే. నేదా, నీ గునపం గుడికి ఇచ్చీ. పందిరి గుంజలకి గోతులు తవ్వుకుంటాం. ఇంక ఈ సుట్టుపక్కల వేట అనకూడదు మరి.”

“ఇచ్చీసినానురా!” అన్నాను. నోరు జారాక కాళ్లు ఊరుకోలేదు. ఇంటికి తిన్నగా పోకుండా రేవు గోడ చివరి దాకా పోయి తిరిగొచ్చాను. ఆ గునపం మా నాన్నది. అది లేకపోతే పొద్దున్నే లేచి నేను ఎక్కడికి పోవాలి? పార్కులో ముసలాళ్ల పక్కన కూర్చుని ఎవరికి ఎక్కడ నొప్పో పంచుకోవాలా?

ఇంట్లో మా ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. మార్కెట్లో కొన్నవాళ్లకి చేపలూ రొయ్యలూ బాగుచేసి ఇవ్వడం ఆవిడ పని. పొద్దున గొంతుక్కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవదు. సంగతంతా విని తల కూడా ఎత్తలేదు.

“నువ్వు పెళ్లి పీటల మీదే కూకోనేదు. పంతులు మంత్రం సదువుతుంటే లెగిసెల్లి నీళ్లు తాగొచ్చినావు. కొక్కు కోసం కూకుంటావా?”

“దాహమేసింది.”

“మరి కొక్కు వచ్చినప్పుడు ఏటేస్తాదో!”

ఆదివారం పొద్దున్నే వెళ్లి కలుగు నోళ్లన్నీ వెతికి మూశాను. గుడి వెనక మురుగు తూము పక్కన ఒకటుంది. అది పక్కనున్న మంగలి కొట్టులోకి పోతుంది. దాన్ని ఒక్క ఇటుకతో సరిపెట్టాను. తొందరలో ఉన్నాను మరి. కమిటీ పెద్దే ఊదర కుండ పట్టుకున్నాడు. నేను గోతాం విప్పి కూర్చున్నాను.

కూర్చున్నానంటే కూర్చున్నానని కాదు. ముందు కుడి మోకాలు కేకేసింది. బరువు ఎడమ కాలి మీద వేస్తే అదీ అందుకుంది. మెడ మీద చెమట పాకింది. గోక్కోకూడదు. ముక్కులో మిరపఘాటు. తుమ్మకూడదు. అన్నీ ఆపుకున్నాను. చిత్రంగా ఆపుకోగలిగాను కూడా. కలుగులో ఏదో గరగరలాడింది. చీకట్లోంచి తడి ముక్కొకటి, దాని వెనక మీసాలు.

సరిగ్గా అప్పుడే గోడ అవతల నుంచి కమిటీ పెద్ద దగ్గుతూ, “ఈ పొగకి కొక్కు సావదు బావూ, నానే సత్తాను!” అన్నాడు.

“సావరా, గోతాం పెద్దదే!” అన్నాను.

ఏం చెయ్యను? అంత మంచి అవకాశం వదులుకోవడం నా వల్ల కాలేదు. ముక్కు మాయమైంది. లోపల దడదడమని పరుగు. తూము దగ్గరి ఇటుక దొర్లిన చప్పుడు. ఆ వెంటనే మంగలి కొట్టులోంచి బెంగాలీలో ఒక గావుకేక. సగం మొహానికి నురగతో ఒక పెద్దమనిషి తుమ్ముకుంటూ వీధిలోకొచ్చి అలాగే పోయాడు. వెనకాల కత్తి పట్టుకుని మంగలి.

“ఏ కీ కాండో, దాదూ! ఆమార్ ఖొద్దేర్ పాలియే గ్యాలో!”

బేరం పారిపోయిందని అతని గోల. “సగం డబ్బులు తీసుకో, సగమే గీశావుగా” అని బెంగాలీలో చెప్పాను. అతను నవ్వలేదు. కొక్కు అతని కొట్టంతా ఒక చుట్టు చుట్టి, వచ్చిన తూములోంచే మళ్లీ కలుగులో దూరిందట. కమిటీ పెద్ద కళ్లు తుడుచుకుంటూ జేబులోంచి ఫోను తీశాడు.

“అయిపోనాది బావూ. కంపెనీకి సెప్పీస్తాను.”

“ఆ ఫోను లోపలెట్టు.”

మా ఆవిడ. మార్కెట్టు నుంచి వస్తూ ఎప్పుడొచ్చి నిలబడిందో, చీర కుచ్చిళ్లు దోపుకుని ఉంది. “పొద్దు గూకేదాకా అన్నావు. పొద్దు నెత్తిమీదుంది.” నా వైపు తిరిగి, “లెగు” అంది.

“ఏటి?”

“అక్కణ్నుంచి లెగు. నాను కూకుంటాను. నువ్వు తోలు.”

కమిటీ పెద్ద ఇకిలించాడు. “అప్పా, ఆడోళ్లు కలుగుకాడ కూకోడం ఎక్కడైనా ఉన్నాదేటి?”

“కూకున్నది ఆడో మగో కొక్కుకి తెలుత్తాదేటి?”

నాకు వెంటనే లేవబుద్ధి కాలేదు. లేస్తే నేను మళ్లీ తోలేవాణ్ణి. జీవితమంతా అదే. ఈ ఒక్క చోటు దొరికింది, అదీ పెళ్లాం పాలు. అలా అనుకుంటూనే మోకాళ్ల వైపు చూసుకున్నాను. అవి ఎప్పుడో ఆవిడ పక్షం చేరిపోయాయి. గోతాం ఆవిడ చేతికిచ్చాను. లేస్తుంటే మోకాలు టపాసులా పేలింది. “కొక్కు అనుకున్నాను” అన్నాడు కమిటీ పెద్ద. ఆ దెబ్బ అతనిది, ఒప్పుకున్నాను.

తూముకి ఈసారి ఇటుకలు పేర్చి మట్టి మెత్తి, దాని మీద మంగలి తన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొట్టు పోయినా ఫరవాలేదు, కొక్కు మాత్రం దాటకూడదన్న పట్టుదల అతనిది. కుండ నేను తీసుకున్నాను. ఊదాను, విసిరాను, డబ్బా కొట్టాను, గది చుట్టూ తిరుగుతూ గునపంతో నేలని పొడిచాను. నోరు కూడా మూయక్కర్లేదు కదా, ఎన్నాళ్లకో!

“ఓలమ్మా, బయటికి రావే! బియ్యం తినీసి తొంగున్నావా? అత్తోరింటికి పోదువు గాని రా! సారె కట్టుంచినాం!”

అరిచిన కొద్దీ కాళ్లలో నొప్పి ఎటు పోయిందో తెలియలేదు. నేల కింద పరుగు నా అరికాళ్లకి తెలుస్తోంది. ఇటు వస్తే ఇటు పొడిచాను, అటు పోతే అటు. మధ్యలో ఒకసారి గోడ పక్కనుంచి తొంగి చూశాను. మా ఆవిడ కూర్చునుంది. మోచేతులు మోకాళ్ల మీద, చూపు కలుగు మీద. ముక్కు బయటికొచ్చింది. ఆవిడ కదలలేదు. తల వచ్చింది. కదలలేదు. మొత్తం ఒళ్లంతా వచ్చి గోతాంలోకి గెంతాక, చేపల సంచీ మూతి కట్టినట్టు తీరిగ్గా మెలితిప్పి పైకెత్తింది.

“ఇది పట్టుకో. నా రొయ్యలు ఎండిపోతన్నాయి.”

కమిటీ పెద్ద గోతాం బరువు చూసి నోరెళ్లబెట్టాడు. గోతాం నా చేతికిచ్చి, “అయితే అప్ప పట్టినాది. నువ్వు పట్టనేదు బావూ. మరి గునపం?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆవిడ అందుకుంది. “నాను గోతాం ఎట్టినాను. ఈయన గెంతులు లేకపోతే అందులోకి ఏటి పడేది, గాలా? గునపం మా ఇంటిది. మీ పందిరికి గోతులు కావాలంటే ఈయన్నే పిలు, తవ్వి ఎడతాడు. ఊరికే ఉంటే నా పేణం తీస్తన్నాడు.”

క్వార్టర్లంతా సాయంత్రానికి ఆవిణ్ణే వేటగత్తె అన్నారు. నాకు గుచ్చుకోలేదని చెప్తే అబద్ధం. రాత్రి అన్నం తింటూ, “వేటగత్తెమ్మా, కూసింత సారు ఎయ్యండి” అన్నాను. “కూకుంటే ఏస్తాను” అంది. చారు లేకుండానే తినేశాను.

ఇప్పుడు కబుర్లు మళ్లీ వస్తున్నాయి. మార్కెట్టు పని అయ్యాక ఆవిడ చేతులు కడుక్కుని గోతాం మడిచి చంకలో పెట్టుకుంటుంది. నేను గునపం భుజాన వేసుకుని ముందు నడుస్తాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే ఎక్కడో ఉంటుంది, మళ్లీ వెనక్కి పోయి కలుస్తాను, మళ్లీ ముందుకి పోతాను. ఆవిడ ఒకసారి నడిచే దారిని నేను రెండుసార్లు నడుస్తాను.

“ఓలె, బేగి రా! అవి పారిపోతాయి!” అంటాను.

“నువ్వు ఎల్లి తోలుతూ ఉండు” అంటుంది. “నాను వచ్చి కూకుంటాను.”