పిస్తోలు మీది కుంకుమ

అరవై ఎనిమిదిలో, దసరా వెళ్లిన వారానికి, విజయనగరంలో రైలెక్కిన ఒక పెద్దాయన నా ఎదుట కూర్చుని గుడ్డసంచిలోంచి పాత పిస్తోలు తీశాడు. దాని గొట్టం నిండా చెక్కిన పూలతీగ ఉంది. ఆ గీతల్లో గట్టిపడిన కుంకుమను సూదితో గీకసాగాడు.

నేను వెనక్కి జరగడం చూసి నవ్వాడు. "బెదిరిపోకు బాబూ, ఇది పేల్దు. మా తాతది. పాత సామాన్లు దాసుకునే ఆసామి ఒకడు ఇశాపట్నంలో ఉన్నాడు. సుబ్బరంగా ఉంటేనే కొంతానన్నాడు."

"ఇంత కుంకుమేమిటి?"

"ఏటా దసరాకి మా ఇంటిది బొట్టెట్టేది. ఈయేడు ఎట్టడానికి మనిషి లేదు. ఇంకెందుకిది?"

రాలిన పొడిని రుమాల్లో మూటగట్టుకున్నాడు. కొత్తవలస దాటాక, చివరి పువ్వు దగ్గర సూది ఆగిపోయింది.

"ఇదొక్కటీ ఉండనీ. ఆ ఆసామి వద్దంటే కొనడం మానేస్తాడు," అన్నాడు.

దసరాకి మా ఆవిడ నా కలానికి పెట్టే బొట్టును తుడవడం ఆ మరుసటేడు మానేశాను.