కొండవైపు చుక్కాని

నా పేరు క్రిస్టినా. మా తాత మాత్రం ‘పంతులమ్మా’ అని పిలుస్తాడు. ఇంటర్ లెక్కల్లో తప్పి ఇంట్లో కూర్చున్నదాన్ని అలా పిలవడం ఆయనకి సరదా. నేనూ ఊరుకోను, ‘కెప్టెన్ గారూ’ అంటాను. బోటు మీద పులే గానీ, గట్టెక్కితే కుడికాలి చెప్పు ఎడమకాలికి తొడిగే మనిషి.

తాత పేరు పుల్లయ్య. విజయవాడ ఘాట్ నుంచి భవానీ ఐలాండ్‌కి జనాన్ని తీసుకెళ్లి తెచ్చే బోటుకి ముప్పై ఎనిమిదేళ్లు సరంగు. చుక్కాని ఆయన చేతిలోనే. నది మీద ఆయనకి కుడి ఎడమలు లేవు. దుర్గమ్మ గుడి ఉన్న గట్టు కొండవైపు, అవతలిది సీతానగరం వైపు. ముందు నిలబడి నీళ్లు చూసే జాన్‌బాబు “కొండకెయ్ బాబాయ్!” అంటే చాలు, బోటు అటు తిరిగేది.

కిందటేడు సరంగులందరూ మళ్లీ పరీక్ష ఇవ్వాలన్నారు. ఆఫీసరు పక్కన నిలబడి లెఫ్ట్, రైట్ అంటుంటే అలా నడపాలి. తప్పితే ఇక చుక్కాని ముట్టుకోనివ్వరు.

“పంతులమ్మా, ఆ రెండు ముక్కలూ నేర్పవే.”

అమ్మమ్మ శౌరమ్మ చేతిలో గరిటె లాక్కుని తాతకిచ్చాను. అదే చుక్కాని.

“ఐలాండ్‌కి పోతున్నావు. కొండ ఏ చేతివైపు?”

“ఇదిగో, ఈ చేతివైపు.”

“అది రైట్. సీతానగరం లెఫ్ట్. అంతే!”

“ఇంతేనా! దీనికా నువ్వు కాలేజీకెళ్లి తప్పింది?”

“ఆ గరిటె ఇటివ్వండి, పులుసు మాడిపోద్ది,” అంది అమ్మమ్మ.

పరీక్ష రోజు నేనూ బోటెక్కి వెనక బల్ల మీద కూర్చున్నాను. పోయేటప్పుడు ఒక్క తప్పు లేదు. ఆఫీసరు ‘గుడ్’ అన్నాడు. తాత నాకేసి చూసి కన్ను కొట్టాడు.

ఐలాండ్ దగ్గర బోటు వెనక్కి తిరిగింది. అప్పుడు వెలిగింది నాకు. కొండ ఇప్పుడు ఎడమచేతివైపు ఉంది. ఆ సంగతి నేను చెప్పనే లేదు.

నోరు తెరిచేలోపే ఆఫీసరు “లెఫ్ట్” అన్నాడు. తాత సీతానగరం వైపు తిప్పాడు.

“లెఫ్టయ్యా! లెఫ్ట్!”

ఇంకాస్త తిప్పాడు. అటు ఇసుక మేట ఉందని ఆయనకి కళ్లు మూసుకున్నా తెలుసు. ఒక్కసారి నీళ్లకేసి చూశాడు, ఒక్కసారి నాకేసి చూశాడు. తన కళ్లకన్నా నా పాఠాన్నే నమ్మాడు. బోటు ఇసుకలో దిగబడి ఆగిపోయింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాగితం మీద తాత పేరుకి అడ్డంగా ఆఫీసరు ఒక గీత గీశాడు, అంతే.

ఇంటికొచ్చే దారిలో ఏడ్చేశాను. “తప్పు నాదే తాతా. బోటు తిరిగితే లెఫ్టూ రైటూ మారిపోతాయి.”

“బోటు తిరిగితే కొండ కూడా తిరుగుద్దా ఏంటే?” అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

ఇంట్లో అమ్మమ్మ అడిగితే నాకంటే ముందే అందుకున్నాడు. “చెవులు దెబ్బతిన్నాయే. సార్ ఒకటంటే నాకొకటి వినపడింది.”

ఇప్పుడు చుక్కాని జాన్‌బాబు పడుతున్నాడు. తాత అదే ఘాట్‌లో వచ్చినవాళ్లకి లైఫ్ జాకెట్ల తాళ్లు కడతాడు. బోటు కదిలాక అది మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడతాడు.

సాయంత్రం ఇంటికి రాగానే అమ్మమ్మ చాప పరుస్తుంది. చెవిమందు సీసా పట్టుకునేది నేను.

“ముందు ఏ చెవిలో వెయ్యనండీ?”

“కొండవైపుది,” అని తల వాలుస్తాడు తాత. నిక్షేపంలాంటి ఆ చెవుల్లో అమ్మమ్మ రోజూ మందు చుక్కలు వేస్తుంది.