నూకాలత్త హోటల్ పులిసిన పిండి

మా చిన్నప్పుడు బిలాస్‌పూర్ చలికి ఇడ్లీపిండి కూడా ముసుగు తన్ని పడుకునేది... ఎంతకీ పొంగేది కాదు. సాయంత్రం పప్పు రుబ్బడం అవగానే అమ్మ నా చేతిలో స్టీలు గిన్నె పెట్టి, "నూకాలత్త కాడికెళ్లి గరిటెడు పులిసిన పిండి తే" అని తరిమేది.

నూకాలత్త అంటే రైల్వే కాలనీ గేటు పక్కన ఇడ్లీ, దిబ్బరొట్టి హోటల్ నడిపే ఆవిడ. ఆవిడ మావగారు శ్రీకాకుళం నుంచి వచ్చి పెట్టిన హోటల్ అది. డ్యూటీ దిగిన డ్రైవర్లూ గార్డులూ ఇంటి మొహం చూడకముందే అక్కడ చేరేవారు. ఆవిడ ఎవరికీ చుట్టం కాదు... కానీ కాలనీ పిల్లలందరికీ అత్తే.

నేను వెనక గుమ్మం దగ్గర నిలబడేదాన్ని. పొయ్యి పక్కన కంబళి చుట్టిన పెద్ద గుండిగ ఉండేది. అందులోంచి గరిటెడు పిండి వేసి, ప్రతిసారీ అదే మాట... "రేప్పొద్దున్న మీ పిండి గరిటెడు తెచ్చియ్యాల. మరిసిపోతే మళ్లీ నా గుమ్మం ఎక్కకు!"

మర్నాడు మా ఇంట్లో పొంగిన పిండి పట్టుకెళ్తే ఆ గుండిగలోనే కలిపేసేది. కాలనీలో ప్రతి క్వార్టరుకీ ఇదే వరస. అందుకే ఆ హోటల్ ఇడ్లీ మా ఇడ్లీయే అని అందరం గొప్పలు పోయేవాళ్లం.

ఈ ఏడాది అత్తకి మోకాలి ఆపరేషన్ అయ్యి హోటల్ కొన్ని నెలలు మూతపడింది. గుండిగ ఎండిపోయింది. నిన్న ఆవిడ కోడలు లావణ్య ఫోన్ చేసింది...

"దీదీ, అత్తమ్మ జిద్ చేసి కూర్చుంది. పాత పిండి దొరక్కపోతే పొయ్యి ముట్టించదంట. జాగా మొబైల్ షాపువాడికి ఇచ్చేస్తాదంట. మీ ఇంట్లో ఉందా?"

నా ఇంట్లో ఏముంది... ఫ్రిజ్‌లో ప్యాకెట్ పిండి! సిగ్గేసింది. అప్పట్నుంచి నాకు కాలు నిలవలేదు. పాత కాలనీవాళ్లందరికీ ఫోన్లు చేశాను. అందరివీ ప్యాకెట్లే. ఒకావిడైతే పిండి కోసం ఇంత హైరానా ఏంటని నవ్వింది. ఒళ్లు మండిపోయింది.

చివరికి సీపత్‌లో ఉన్న మా వదిన గుర్తొచ్చింది. కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ ఇచ్చిన పిండిలోనే కొత్తది కలుపుకుంటూ వస్తోందట... అమ్మ పోయాక కూడా ఆపలేదట! ఇవాళ పొద్దున్నే నేనుండే సర్కండా నుంచి స్కూటీ తీశాను. వదిన డబ్బాలో పోసిచ్చిన పిండితో తిరిగి వచ్చేటప్పుడు దారిలో ఆగిన ప్రతిచోటా డబ్బా మూత తీసి చూడటమే నా పని.

హోటల్ దగ్గర అత్త డబ్బా అందుకుని వాసన చూసింది. అప్పుడే రుబ్బిన పిండిలో కలిపి గుండిగకి కంబళి చుట్టింది. నేను స్కూటీ ఎక్కుతుంటే వెనక నుంచి కేక...

"ఏటే, అలా ఎల్లిపోతన్నావు? ఇది పొంగితే రేప్పొద్దున్న గిన్నె పట్టుకొని వెనక గుమ్మం కాడికి రా. మీ గరిటెడు మీకు తిరిగియ్యాల గదా!"

నాకు నవ్వొచ్చింది... వెంటనే ఏడుపూ వచ్చింది.

ఇంటికొచ్చినా కుదురు లేదు. కూర్చుంటున్నాను, లేస్తున్నాను... పొంగుతుందా? ఈ చలి ఇవాళే ఇంత ముదరాలా? అటక మీంచి అమ్మ స్టీలు గిన్నె దించి, తోమి, గుమ్మం దగ్గర పెట్టాను.

అప్పట్లో పిండి పొంగకపోతే గిన్నె పట్టుకుని ఎవరో ఒకరి ఇంటికి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ప్యాకెట్ మన గుమ్మంలోకే వచ్చేస్తోంది... ఎవరింటికీ వెళ్లే పని లేకుండా పోయింది.

మీ వంటింట్లో ఎవరి చేతి పిండైనా ఇంకా బతికుంటే చెప్పండి... పొద్దున్న గిన్నె పట్టుకుని బయల్దేరేదాకా నాకు ఏదో ఒక ఊసు కావాలి.